లింక్డ్ సర్వర్‌లో 18456 ఎర్రర్: ఫిక్స్‌డ్ లాగిన్ పెట్టేస్తే తప్పేంటి?

కొత్తచేయి: మొదటి సర్వర్‌లోకి రిమోట్‌గా వెళ్లి అక్కడే నడిపితే లింక్డ్ సర్వర్ క్వెరీ (ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి రెండో సర్వర్‌లోని డేటాని అడిగేది) చక్కగా వస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో మేనేజ్‌మెంట్ స్టూడియో నుంచి నడిపితే మాత్రం ‘అనానిమస్ లాగాన్’కి లాగిన్ ఫెయిల్, 18456. రెండుసార్లూ నా విండోస్ లాగినే. రెండో సర్వర్‌లో నాకు పర్మిషన్ ఉంది. లింక్డ్ సర్వర్ సెక్యూరిటీ పేజీలో ఫిక్స్‌డ్‌గా ఒక ఎస్‌క్యూఎల్ లాగిన్, పాస్‌వర్డ్ ఇచ్చేస్తే పోతుందంటున్నారు. పెట్టేయనా?

సూటిమనిషి: పెట్టేయండి. రెండు నిమిషాల పని.

రాత్రిడ్యూటీ: వద్దండీ. ఇది డబుల్ హాప్, అంటే మీ గుర్తింపు ల్యాప్‌టాప్ నుంచి మొదటి సర్వర్‌కి, అక్కడి నుంచి రెండోదానికి రెండు గెంతులు వేయాలి. ఎన్‌టీఎల్‌ఎమ్ (విండోస్ పాత లాగిన్ పద్ధతి) అయితే మీ గుర్తింపు మొదటి సర్వర్ దగ్గరే ఆగిపోతుంది, అవతలికి ఊరూ పేరూ లేని లాగిన్ వెళ్తుంది. కెర్బెరోస్ (దానికన్నా కొత్త పద్ధతి) ఉండాలి, డెలిగేషన్ (మీ తరఫున అవతలికి వెళ్లడానికి మొదటి సర్వర్‌కి అనుమతి) ఉండాలి. ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అయి డీఎం_ఎగ్జెక్_కనెక్షన్స్‌లో ఆథ్_స్కీమ్ (ఏ పద్ధతిలో లాగిన్ అయ్యారో చెప్పే కాలమ్) చూడండి. ఎన్‌టీఎల్‌ఎమ్ అని ఉంటే ఎస్‌పీఎన్‌ల (సర్వీస్ ఏ అకౌంట్ కింద నడుస్తోందో డొమైన్‌కి చెప్పే పేర్ల) మీదే మొదటి అనుమానం. సెట్‌ఎస్‌పీఎన్ -ఎక్స్ కొడితే డూప్లికేట్లు బయటపడతాయి.

సూటిమనిషి: ఒక్క రిపోర్ట్ కోసం డొమైన్ టీమ్‌కి టికెట్ పెట్టి కూర్చోవాలా? రీడ్ ఓన్లీ లాగిన్ చాలు.

రాత్రిడ్యూటీ: అందరూ రీడ్ ఓన్లీ అనే మొదలుపెడతారు. తీరా చూస్తే అక్కడ ఎస్ఏ (సర్వర్ మీద సర్వాధికారాలున్న లాగిన్) ఉంటుంది. మ్యాపింగ్ లేని లాగిన్లన్నిటికీ వర్తించే ఆప్షన్‌లో దాన్ని పెట్టారా, మొదటి సర్వర్‌లోకి రాగలిగిన ప్రతివాడూ రెండోదానికి యజమానే.

సూటిమనిషి: నేను ఎస్ఏ అన్నానా? మళ్లీ చదవండి.

పట్టికలపంతులు: రీడ్ ఓన్లీ అంటున్నారు కాబట్టి ఒక మాట. అవతలిది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 సర్వీస్ ప్యాక్ 1 కన్నా పాతదైతే, ఉత్త సెలెక్ట్ పర్మిషన్‌తో స్టాటిస్టిక్స్ (టేబుల్లో డేటా ఎలా ఉందో చెప్పే లెక్కలు) కనబడవు, ప్లాన్ (క్వెరీ నడిచే దారి) చెడిపోతుంది. కొత్తవాటిలో ఆ బాధ లేదు. ఫిల్టర్ అవతలే పడాలంటే ఓపెన్‌క్వెరీ (క్వెరీని ఉన్నదున్నట్టు అవతలి సర్వర్‌కి పంపేది) వాడండి. దానికి వేరియబుల్ ఇవ్వలేం, అది వేరే గోల.

రాత్రిడ్యూటీ: చూశారా, అందుకే చివరికి ఎస్ఏ పెడతారు!

సూటిమనిషి: అయ్యా, ఆ ఎస్ఏని వదలండి. ఎవరూ అనని మాటతో ఎంతసేపు పోట్లాడతారు?

రాత్రిడ్యూటీ: వదలను. మా దగ్గర ఒక అప్‌డేట్‌తో ధరలన్నీ సున్నా అయ్యాయి. లాగ్‌లో ఉన్నది ఉమ్మడి లాగిన్ పేరు. ఎవరు నడిపారంటే ఒక్కరూ నోరు విప్పలేదు. తెల్లవార్లూ రీస్టోర్ చేసింది నేను, మెమో అందుకున్నదీ నేనే.

సూటిమనిషి: మీ మెమోకి మేమా కారణం? మా ఎస్‌పీఎన్ టికెట్ ఎవరూ ముట్టుకోలేదు, గడువు దాటింది, అప్రైజల్‌లో దెబ్బ నాకు పడింది. టికెట్ పట్టించుకోని వాళ్లని అడిగేవాడే లేడు.

రాత్రిడ్యూటీ: క్వెరీ నడిపినవాళ్ల పేరు లాగ్‌లో పడటమంటే మీకెందుకంత భయం?

సూటిమనిషి: పేరు పడనివ్వండి. తాళాలు మీ చేతిలో, లెక్క చెప్పాల్సింది మేము. ఆలస్యమైతే దాని కింద మీ పేరు కూడా పడాలి కదా? నేను మొదట్నుంచీ అడుగుతున్నది అదే.

రాత్రిడ్యూటీ: అది మేనేజర్లని అడగండి, నన్ను కాదు.

పట్టికలపంతులు: కొత్తచేయి గారు ఉన్నారా, పారిపోయారా?

కొత్తచేయి: ఉన్నాను. ఆథ్_స్కీమ్ ఎన్‌టీఎల్‌ఎమ్ అనే వస్తోంది. మొదటి సర్వర్ ఎస్‌పీఎన్ రెండు అకౌంట్ల మీద ఉంది, ఒకటి ఎప్పుడో మానేసిన సర్వీస్ అకౌంట్. తీయడానికి నాకు హక్కు లేదు.

సూటిమనిషి: టికెట్ పెట్టుకోండి మరి. శుభం.

రాత్రిడ్యూటీ: ఆ అవుట్‌పుట్ మొత్తం టికెట్‌లో పేస్ట్ చేసి, ఏ అకౌంట్ మీద తీయాలో పేరుతో సహా రాయండి. ‘లింక్డ్ సర్వర్ పనిచేయట్లేదు’ అని రాస్తే ఎవరూ తెరవరు. అది తీశాక కేలిస్ట్ పర్జ్ (దాచి ఉన్న పాత కెర్బెరోస్ టికెట్లని తుడిచే కమాండ్) కొట్టి మళ్లీ కనెక్ట్ అవ్వండి. కెర్బెరోస్ అని కనబడ్డాకే డెలిగేషన్ అడగండి.