సమస్యాపూరణం: సూది విరిగినపుడె సొగసు పెరిగె

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చిన సమస్య ఆటవెలది పద్యంలోని నాలుగవ పాదం, మిగిలిన మూడు పాదాలు మీరు పూరించాలి. ఐదు సూర్యగణాలు (మూడు లఘువులో, ఒక గురువూ ఒక లఘువో ఉండే చిన్న గణాలు), సూ–సొలకు యతి, అంటే అక్షరమైత్రి. కుట్టుపనిలోనో, బొంత కుట్టడంలోనో నిజంగా జరిగే ఒక పొరపాటును, దానిని చక్కదిద్దుకొన్న తీరును పూరణలో చెప్పాలి. సూది విరగడం నష్టం, సొగసు పెరగడం లాభం. ఈ రెంటినీ ముడివేసేది "అపుడె" అన్న మాటలోని అవధారణ (అప్పుడే అని నొక్కిచెప్పడం) కాబట్టి, సూది విరగకపోతే సొగసు పెరిగేది కాదని పద్యం ఒప్పించగలగాలి. పూరణల పైన ఉన్నవి పంపినవారి కలంపేర్లు.

పాతదారం:

మొద్దుసూదితోడ ముప్పదిగంటలు
కుట్టఁ దప్పెఁ గుట్టు, కొత్త సూది
పెట్టవలసి వచ్చెఁ, బిమ్మట నునుపాయె;
సూది విరిగినపుడె సొగసు పెరిగె.

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. "పెట్టవలసి వచ్చె" అన్న మాటలో మీ బద్ధకం నిజాయితీగా బయటపడింది. మిషను సూదిని సుమారు 8 గంటలు కుట్టిన తరువాత మార్చడం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు కనుక, మీ ముప్పది గంటలు అతిశయోక్తి కాకపోతే ఆ సూది విరిగి పుణ్యం కట్టుకొన్నట్లే. "నునుపాయె" అన్నదానికి కర్త లేదు, కుట్టు అని పాఠకుడు ఊహించుకోవాలి. అది చిన్న లోపం.

గళ్ళబొంత: ఒక సవరణ. కుట్టు దాటిపోవడానికి మొద్దుబారిన మొన ఒక్కటే కారణం కాదు. సూదిని పైదాకా నెట్టకుండా మరమేకు బిగించినా, సూది పైభాగపు చదునువైపు తప్పుగా తిరిగి ఉన్నా, అడుగున తిరుగుతూ దారాన్ని పట్టే కొక్కేనికి దారం అందదు. బొంతలో పైగుడ్డ, దూదిపొర, అడుగుగుడ్డ కలిసి మూడు పొరలు ఉంటాయి కాబట్టి సన్నని సూది వంగిపోతుంది. సూది మీద 80 అని ఉంటే 0.8 మిల్లీమీటరు మందమని అర్థం. మూడు పొరలకు నేను 90 వాడుతాను.

బాబిన్:

దారముడులు చేరెఁ గుడ్డకు నడుగున
పాద మెత్తి నేను పైని పోగు
సరిగ నెక్కఁజేసి జంకక కుట్టితి
సూది విరిగినపుడె సొగసు పెరిగె.

నిర్వాహకుడు: మొదటి పాదంలో దా–గులకు యతి చెల్లదు. "జంకక" యతి కోసం వచ్చి కూర్చొన్న మాట, కుట్టే మనిషికి జంకు ఎందుకు కలిగిందో పద్యంలో లేదు. వీటికన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. మూడు పాదాలు దారపు ముడుల గురించి చెప్పి, నాలుగవ పాదంలో సూది ఉన్నట్టుండి ఎవరూ పిలవని చుట్టంలా వచ్చింది. విషయం మాత్రం బంగారం. గుడ్డను తిరగేస్తే అడుగున పిచ్చుకగూడులా చుట్టుకొన్న దారం కనిపించగానే అందరూ బాబిన్‌ను (అడుగుదారపు కండెను) తిట్టుకొంటారు కాని, చాలాసార్లు తప్పు పైదారానిదే. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళలు మూసుకొని ఉంటాయి కాబట్టి పోగు వాటి నడుమకు దిగదు, పట్టు లేని పైదారం అడుగున గుట్టపడుతుంది. మీరు "పాద మెత్తి" అన్న రెండు మాటల్లో మందు చెప్పారు. ఆ ముడులు సూదిని ఎలా విరిచాయో కూడా చెప్పి మళ్ళీ పంపండి.

గళ్ళబొంత:

గుండుసూది తగిలి కుదుపుతో నిలువఁగఁ
జూడ గళ్ళమూల చొప్పు దప్పె;
విప్పి మరలఁ గుట్ట వెడలుపు సరిపోయె;
సూది విరిగినపుడె సొగసు పెరిగె.

నిర్వాహకుడు: ఇప్పటివరకు వచ్చిన పూరణలలో అవధారణకు పూర్తి న్యాయం చేసింది ఇదే. మిషను ఆగకపోతే చూపు మూలల మీద పడేది కాదు. "వెడలుపు" అన్న ఒక్క మాటలో ఉన్న లెక్కను చదువరుల కోసం విప్పి చెబుతాను. గళ్ళ బొంతకు కుట్టు ఓర (కుట్టుకూ గుడ్డ అంచుకూ నడుమ వదిలే చోటు) సాధారణంగా పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పట్టినా అటు ముక్కలోనూ ఇటు ముక్కలోనూ తగ్గి, ఒక్కో అతుకు దగ్గర 2 మిల్లీమీటర్లు పోతాయి. వరుసలో పది గళ్ళుంటే తొమ్మిది అతుకులు, 18 మిల్లీమీటర్లు. పక్కవరుస సరిగ్గా కుట్టి ఉంటే మూలలు ఇక ఎక్కడ కలుస్తాయి?

పాతదారం: "విప్పి" అని తేలికగా అన్నారు కాని, నేను విప్పినప్పుడల్లా గుడ్డ సాగిపోతుంది.

గళ్ళబొంత: దారాన్ని లాగి విప్పకండి. ఒకవైపున మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున కోసుకొంటూ పోయి, రెండవవైపు దారాన్ని లాగితే అది ఒకే పోగుగా జారి వస్తుంది, గుడ్డ మీద బలం పడదు. మిగిలిన రంధ్రాల మీద కొద్దిగా తడిచేసి గోటితో అడ్డంగానూ నిలువుగానూ గీరితే నూలుగుడ్డ చాలావరకు కలిసిపోతుంది. ఏటవాలుగా కోసిన అంచులు మాత్రం తాకితేనే సాగుతాయి. వాటిని విప్పేముందు బల్ల మీద పరచుకొని ఉంచండి. అన్నట్టు, గుండుసూదిని కుట్టు దాకా రానివ్వకుండా ముందే తీసివేసి ఉంటే నాకు ఈ పద్యం వచ్చేదే కాదు.

ఓరకుట్టు:

తునక గుచ్చి బట్ట తూట్లు పడిన చోటఁ
బూల యతుకు వేసి పొలుపుఁ గూర్పఁ
జూచువార లెల్లఁ జొక్కిరి ముదమున
సూది విరిగినపుడె సొగసు పెరిగె.

నిర్వాహకుడు: ధార ఉంది, పద్యం చదవగానే పూలు కనిపించాయి. "ముదమున" ఒక్కటే పాదం నింపడానికి వచ్చింది, చొక్కినవారికి ముదం వేరే చెప్పనక్కరలేదు.

గళ్ళబొంత: పద్యానికి కాదు, పనికి ఒక ఆక్షేపణ. తూటు మీద నేరుగా పువ్వు వేస్తే ఉతికినప్పుడు లోపలి చీలిక పెరిగి పువ్వు అంచు దాటుతుంది. ముందు తూటును చేతికుట్టుతో దగ్గరకు లాగి, పువ్వును చీలికకన్నా అన్నివైపులా ఒక సెంటీమీటరైనా పెద్దదిగా కోసి, అంచులు లోపలికి మడిచి కుట్టాలి. ఒకే పువ్వు వేస్తే అతుకని తెలిసిపోతుంది. మరో రెండుచోట్ల కూడా వేస్తే అది ఆలోచించి చేసిన అలంకారంగా కనిపిస్తుంది.

నిర్వాహకుడు: మరొక పూరణలో వేలికి సూది గుచ్చుకొని పడిన రక్తపు మరకను వేడినీళ్ళతో కడిగారు. ఛందస్సు కూడా తప్పింది కనుక దానిని ఇక్కడ ఉంచలేదు. వేడి తగిలితే రక్తపు మరక పోగులలో గట్టిపడుతుంది. తడి ఆరకముందే చన్నీళ్ళు వాడాలి.

బాబిన్: సవరించిన పూరణ పంపుతున్నాను. ముడులు పట్టేసిన గుడ్డను నేను చేత్తో లాగాను. సూది పక్కకు వంగి, అడుగున అది దిగే రేకుకు కొట్టుకొని విరిగింది.

దారముడులు చేరి దళముగ నడుగున
బట్టఁ బట్టి లాగఁ, బాద మెత్తి
పోగు మరల వేయఁ బొందికఁ గుదిరెను;
సూది విరిగినపుడె సొగసు పెరిగె.

నిర్వాహకుడు: దా–ద, బ–బా, పో–బొ, యతులన్నీ కుదిరాయి. "లాగఁ" అన్నదానికీ సూది విరగడానికీ నడుమ మరొక పాదం వచ్చి అన్వయం కొంత దూరమైనా, కారణం ఇప్పుడు పద్యంలోనే ఉంది. ఇంతకీ విరిగిన మొన దొరికిందా?

బాబిన్: దూదిపొరలో ఉండిపోయిందేమోనని అరగంట తడిమాను. చివరకు రేకు విప్పి అయస్కాంతం చూపితే, గుడ్డను ముందుకు నెట్టే పళ్ళ సందులోంచి వచ్చింది.