తొలి క్రైస్తవులు ఒక గుంపుగా ఎట్లా ఏర్పడ్డారు? రెండు క్లాసులకు ఆధారాలు కావాలి

బుగ్గవంక (కడప):

నమస్కారం. డిగ్రీ చరిత్ర పిల్లలకు రోమన్ సామ్రాజ్యం పాఠంలో తొలి క్రైస్తవం కోసం రెండు పీరియడ్లు దొరికాయి, ఒక్కోటి 50 నిమిషాలు. పాఠంలో బోధకుడు పౌలు ప్రయాణాలు అయిపోగానే 313లో క్రైస్తవానికి అనుమతి ఇచ్చిన చక్రవర్తి కాన్‌స్టంటైన్ వచ్చేస్తాడు. మధ్యలో రెండున్నర శతాబ్దాలు ఖాళీ. నాకు కావలసింది ఆ ఖాళీయే. గుడి లేదు, రాజు అండ లేదు, అందరిదీ ఒక ఊరూ ఒక భాషా కాదు. అయినా "మనం" అనే మాట ఎట్లా నిలబడింది?

క్లాసులో చర్చికి పోయే పిల్లలూ ఉన్నారు, పోనివాళ్లూ ఉన్నారు. ప్రసంగంలా ఉండకూడదు, ఖండనలా అసలే ఉండకూడదు. మూడు సంగతులు చెప్పండి. ఆ పేరు ఎవరు పెట్టారు? యూదుల నుంచి ఏ సంవత్సరంలో వేరుపడ్డారని చెప్పాలి? పిల్లల చేతికి ఇచ్చి చదివించడానికి ఒక పేజీకి మించని మూలపాఠం ఏది?

గుత్తికోట (అనంతపురం):

మేడమ్, పేరు సంగతి తొందరగానే తేలిపోతుంది. సిరియాలోని అంతియొకయలో శిష్యులు మొదట క్రైస్తవులనబడ్డారని అపొస్తలుల కార్యములు 11:26 చెబుతుంది. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట వచ్చేది మూడే చోట్ల: అక్కడ, 26:28లో, 1 పేతురు 4:16లో. 26:28లో అగ్రిప్ప రాజు నోట వస్తుంది, పేతురు పత్రికలో ఆ పేరు మీద బాధపడే సందర్భంలో వస్తుంది. అంటే రెండు చోట్లా బయటివాళ్ల నీడ ఉంది. మాట చివర ఉన్న "ఇయానోస్" లాటిన్ పద్ధతి, ఫలానా నాయకుడి మనుషులు అని చెప్పడానికి వాడేది. హేరోదు మనుషులను హేరోదీయులు అన్నట్టే ఇదీ. బయటివాళ్లు తగిలించిన పేరు అనుకోవడానికి ఇదే గట్టి ఆధారం.

లోపలివాళ్లు తమను తాము పిలుచుకున్నవి వేరే: సహోదరులు, పరిశుద్ధులు, "ఈ మార్గము" వాళ్లు. సంఘము అని మన బైబిల్లో ఉన్నచోట గ్రీకులో ఎక్లేసియా. అది మతం మాట కాదు, ఊరి పౌరులు కూడే సభకు వాడే మాట. ఎఫెసులో కంసాలులు రేపిన గొడవలో పోగైన జనాన్ని కూడా 19వ అధ్యాయం ఆ మాటతోనే పిలుస్తుంది. గ్రీకులోకి వచ్చిన యూదుల లేఖనాల్లో ఇశ్రాయేలు సమాజానికీ అదే మాట. ఊళ్లో ఓటు లేని దాసులు, ఆడవాళ్లు, పరదేశులు కలిసి కూర్చుని తమను "సభ" అనుకోవడం ఎంత పెద్ద సంగతో పిల్లలకు నిదానంగా చెప్పండి.

అయితే పేరు కంటే కంచం ముఖ్యం. మన దగ్గర కంచం పొత్తు, మంచం పొత్తు అంటాం కదా, మనిషి మనవాడా కాదా అని తేల్చేది ఆ రెండే. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం సరిగ్గా అక్కడే ఉంది. అంతియొకయలో యేసు శిష్యుడు పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తినేవాడు. యెరూషలేము నుంచి అక్కడి సంఘం పెద్ద యాకోబు దగ్గరి మనుషులు రాగానే పంక్తి నుంచి లేచి వేరుగా కూర్చున్నాడు. మిగతా యూదులు, చివరికి పౌలు తోడు తిరిగిన బర్నబా కూడా ఆయన వెనకే పోయారు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. యేసును నమ్మడం గురించి వాళ్లిద్దరికీ పేచీ లేదు. ఎవరితో కలిసి తినొచ్చు అనేదే పేచీ.

అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సభ అన్యజనులకు సున్నతి అక్కర్లేదని తేల్చి నాలుగు నియమాలు పెట్టింది: విగ్రహాలకు అర్పించినది, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం. నాలుగిటిలో మూడు తిండివే. 1 కొరింథీయులు 8 నుంచి 10 దాకా మళ్లీ తిండే. అంగట్లో అమ్మే మాంసం అడక్కుండా కొనుక్కోవచ్చు. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినొచ్చు. "ఇది అర్పించినది" అని పక్కవాడు చెబితే మాత్రం ముట్టొద్దు. గుడిలో జరిగే విందుకు పోవద్దు. జాతర పొట్టేలు కూర ఇంటికి వస్తే ఏం చేయాలన్న ప్రశ్న తెలిసిన మన ఊళ్లలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

కేసీ కెనాల్ (కర్నూలు):

గుత్తికోట అన్న చెప్పిన దాంట్లో ఒక్క జాగ్రత్త. అంతియొకయ పంక్తిని మన కుల పంక్తితో పోలిస్తే క్లాసు వెంటనే అందుకుంటుంది, కానీ తప్పు దారి పడుతుంది. రోము పాలనలో యూదులు పెత్తనం చేసే పైవర్గం కాదు, పన్ను కట్టే ప్రజ. పేతురు, పౌలు ఇద్దరూ యూదులే. అది ఇంటిలోపలి తగాదా. "యూదులు ఇరుకు మనసువాళ్లు, క్రైస్తవులు విశాలం" అని పిల్లలు రాసుకున్నారంటే పాఠం చెడిపోయినట్టే.

ఇక ఏ సంవత్సరంలో వేరుపడ్డారన్న ప్రశ్న. ఒక్క సంవత్సరం చెప్పకండి మేడమ్. 70లో యెరూషలేము దేవాలయం కూలింది, 132 నుంచి 135 దాకా రోము మీద యూదుల బార్ కోఖ్బా తిరుగుబాటు. పుస్తకాలు ఈ రెండింటిలో ఏదో ఒకటి పట్టుకుంటాయి. రెండూ ముఖ్యమైనవే, ఏదీ గీత కాదు.

నా దృష్టిలో ఎక్కువ పని చేసింది పన్ను. 70 తర్వాత చక్రవర్తి వెస్పాసియన్, యూదులు దేవాలయానికి ఏటా కట్టే రెండు ద్రాక్మాలను రోములోని జూపిటర్ గుడికి మళ్లించాడు. డొమీషియన్ కాలంలో ఆ వసూలు మరీ కఠినమై, యూదులమని చెప్పుకోకుండా యూదుల పద్ధతిలో బతికేవాళ్ల మీదికీ పోయింది. 96లో నెర్వా ఆ వేధింపు ఎత్తేశానని నాణేల మీద కొట్టించాడు. వసూలుదారుడు పద్దు పట్టుకుని వాకిట్లో నిలబడితే నువ్వు ఎవరు అన్నదానికి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. వేదాంతులు తేల్చని గీతను పద్దులు గీయించాయి.

దాదాపు 110 ప్రాంతంలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ రాసిన ఉత్తరాల్లో "క్రైస్తవం" అనే మాట, యూదుమతానికి ఎదురుగా నిలబెట్టి, మనకు దొరికినంతలో మొదటిసారి కనిపిస్తుంది. సబ్బాతు (యూదుల శనివారపు విశ్రాంతి దినం) వదిలి ప్రభువు దినాన్ని (ఆదివారాన్ని) పాటించండి అంటాడాయన. ఇక్కడ గీత పడిపోయిందని అనుకుంటాం. కానీ అదే అంతియొకయలో 386, 387ల్లో క్రిసోస్తొమ్ అనే క్రైస్తవ బోధకుడు ఏం తిడుతున్నాడో చూడండి: మన క్రైస్తవులు యూదుల బూరల పండగకు పోతున్నారు, వాళ్లతో ఉపవాసాలు ఉంటున్నారు, ఒట్టు వేయాలంటే సమాజమందిరంలో (యూదుల ప్రార్థనా మందిరంలో) వేస్తే ఎక్కువ భయమని అక్కడికే తీసుకుపోతున్నారు! కాణిపాకంలో ప్రమాణం చెయ్యమని అడిగే మనకు ఇది కొత్త కాదు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు కదా, ఆ దృశ్యం తెలిసిన పిల్లలకు చెప్పండి: ప్రసంగంలో ఉండే గీత వేరు, వీధిలో ఉండే గీత వేరు.

అందుకే మూలాలు చదివేటప్పుడు ఒక సూత్రం పెట్టుకోండి. ఒక బోధకుడు "చేయొద్దు" అని గట్టిగా అంటున్నాడంటే, చేసేవాళ్లు ఉన్నారని దానికి సాక్ష్యం.

బుగ్గవంక (కడప):

పన్ను సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు, చాలా ఉపయోగం. మరి చేతికిచ్చే పేజీ? పత్రికలన్నీ వాదనలే. ఒక మామూలు సభ్యుడు వారంలో ఏం చేసేవాడో కనిపించే పాఠం ఉందా?

సగిలేరు (బద్వేలు):

మీరు వెతికేది దిదఖే. పన్నెండుమంది అపొస్తలుల బోధ అనే చిన్న పుస్తకం, ఒకటో శతాబ్దం చివర లేదా రెండో శతాబ్దం మొదట్లోది. 1056లో రాసిన ప్రతి 1873లో బయటపడింది, 1883లో అచ్చయింది. 7, 8 అధ్యాయాలు, వాటికి తోడు 11 నుంచి 13 దాకా కొన్ని వాక్యాలు తీసుకుంటే సరిగ్గా ఒక పేజీ.

బాప్తిస్మానికి పారే నీళ్లు కావాలి. లేకపోతే వేరే నీళ్లు. చల్లనివి దొరకకపోతే వెచ్చనివి. అవీ లేకపోతే తల మీద మూడుసార్లు పోస్తే చాలు. ఏటిలో నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియని మన సీమలో ఈ వరుస వెనక ఉన్న ఆలోచన వెంటనే అర్థమవుతుంది: ఊరు ఏదైనా, నీళ్లు ఎన్ని ఉన్నా, లోపలికి వచ్చే వాకిలి ఒకటే ఉండాలి. తీసుకునేవాడు ఒకటి రెండు రోజులు ముందే ఉపవాసం ఉండాలి. బాప్తిస్మం లేనివాడికి సంఘం కలిసి తినే భోజనంలో చోటు లేదు (ఈ మాట 9వ అధ్యాయంలో ఉంది).

ఉపవాసం నియమం ఇంకా బాగుంటుంది. "వేషధారులు" సోమ, గురువారాలు ఉంటారు, మీరు బుధ, శుక్రవారాలు ఉండండి అంటుంది. సోమ, గురువారాలు యూదుల ఉపవాస దినాలు. చేసే పని అదే, మారింది రోజు మాత్రమే. పక్కింటివాళ్లను ఎంత పోలి ఉంటే గీత అంత గట్టిగా గీయాల్సి వస్తుందని ఈ ఒక్క వాక్యంతో చెప్పొచ్చు.

తర్వాత ఊరూరా తిరిగే బోధకుడి సంగతి. వస్తే ఆదరించండి. ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండు. మూడో రోజూ ఉన్నాడంటే అబద్ధ ప్రవక్త. పోయేటప్పుడు రొట్టె తప్ప ఏమీ ఇవ్వొద్దు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. స్థిరపడాలనుకునే మనిషి పని చేసుకుని తినాలి. ఈ నియమాలు ఎందుకు పుట్టాయంటే, ఊరు తెలియకపోయినా "సహోదరుడా" అంటే తలుపు తెరుచుకునేది. తలుపు అంత తేలిగ్గా తెరుచుకుంటే మోసగాళ్లూ వస్తారు.

దీని పక్కన రెండో పేజీ పెట్టండి, క్రైస్తవులది కానిది. ఇటలీలో లానూవియం అనే ఊళ్లో 136 నాటి ఒక శాసనం, డయానా, ఆంటినోయస్ భక్తుల సంఘం నియమావళి. చేరడానికి 100 సెస్టర్సులు (సెస్టర్సు, అస్సు రెండూ రోమన్ నాణేలు), ఒక జాడీ మంచి ద్రాక్షారసం. నెలకు 5 అస్సులు చందా. సభ్యుడు చనిపోతే అంత్యక్రియలకు 300 సెస్టర్సులు. విందులో గొడవ పడటానికి చోటు మారితే 4 సెస్టర్సులు, తోటి సభ్యుణ్ని తిడితే 12 జరిమానా. మన పొదుపు సంఘాల తీర్మానాల పుస్తకం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇప్పుడు దాదాపు 197లో కార్తేజీలో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాసినది చదివించండి: మాకూ ఒక పెట్టె ఉంది, నెలకోసారి ఇష్టమున్నవాడు శక్తి కొద్దీ వేస్తాడు, ప్రవేశ రుసుము లేదు, ఆ డబ్బు విందులకు పోదు, పేదల తిండికీ, వాళ్లను పూడ్చడానికీ, అనాథలకూ పోతుంది అంటాడు. ఆయన వాదించే మనిషి, కాస్త గొప్పగానే చెబుతాడు. అయినా తన గుంపును ఇలాంటి సంఘాల పక్కనే నిలబెట్టి తేడా చూపిస్తున్నాడంటే, చూసేవాళ్లు రెండింటినీ ఒకటే అనుకునేవాళ్లన్నమాట.

గుత్తికోట (అనంతపురం):

సగిలేరు అన్న చెప్పిన రెండు పేజీలకు రోమన్ గవర్నరు ప్లీనీ ఉత్తరం కలపండి, బయటి అధికారి కన్ను అది. దాదాపు 112లో బితూనియా (ఇప్పటి టర్కీలో) నుంచి ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. నియమిత దినాన తెల్లవారకముందే కూడతారు, క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడతారు, దొంగతనం, వ్యభిచారం చేయమని ప్రమాణం చేస్తారు, తర్వాత మళ్లీ కలిసి మామూలు తిండే తింటారు. గుంపులుగా కూడటాన్ని నిషేధించగానే ఆ భోజనం మానేశారట. పరిచారకులనే పేరున్న ఇద్దరు దాసీలను హింసించి ఈ సంగతులు రాబట్టాడు. దాసీలు, అయినా సంఘంలో ఒక హోదా. పిల్లలు ఈ మాట దాటి పోకుండా ఆపండి.

ఆయన పరీక్ష చూడండి. నువ్వు క్రైస్తవుడివా అని మూడుసార్లు అడుగుతాడు. కాదన్నవాడు దేవతలను వేడుకోవాలి, చక్రవర్తి బొమ్మకు ధూపం, ద్రాక్షారసం సమర్పించాలి, క్రీస్తును దూషించాలి. అంతియొకయలో బయటివాళ్లు తగిలించిన పేరే ఇక్కడ నేరం పేరు అయింది, ఒప్పుకున్నవాడికి అదే సొంత పేరూ అయింది.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే, సంఘము అనగానే పిల్లలు చర్చి భవనం ఊహించుకుంటారు. మొదటి క్లాసులోనే ఇల్లు గీసి చూపండి. రోమన్ భోజనశాలలో మూడు మంచాల మీద మామూలుగా 9 మంది పట్టేవాళ్లు, మిగతావాళ్లు బయటి వాకిట్లో. 1 కొరింథీయులు 11లో ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడని పౌలు కోప్పడింది ఎందుకో ఆ బొమ్మ చూస్తే తెలుస్తుంది. పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే కూలికీ, దాసుడికీ లోపల చోటూ లేదు, తిండీ మిగలలేదు.

కేసీ కెనాల్ (కర్నూలు):

ఇంటి బొమ్మకు నిజమైన కొలత కావాలంటే సిరియాలోని దూరా యూరోపోస్ తీసుకోండి. 3వ శతాబ్దం 40ల్లో ఒక మామూలు ఇంటిని మార్చారు: రెండు గదుల మధ్య గోడ కొట్టి కూడే హాలు చేశారు, ఇంకో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి గోడలకు బొమ్మలు వేశారు. బయటి నుంచి చూస్తే వీధిలో అన్నీ ఒకేలాంటి ఇళ్లు. అదే ఊరి కోటగోడ వెంబడి కొంచెం దూరంలో యూదుల సమాజమందిరం కూడా బయటపడింది. రెండింటి ప్లానూ ఒకే కాగితం మీద ఇచ్చి, వేరుపడిన సంవత్సరం అడిగే పిల్లవాడికి ముందు ఆ కాగితం చూపించండి.