ఇటుక గోడకూ డ్రైవ్‌వేకూ పట్టిన ఎర్రమట్టి మరక వదలడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
అట్లాంటా ఉత్తరాన కొత్త ఇల్లండీ. ముందు గోడ లేత రంగు ఇటుక, కాంక్రీట్ డ్రైవ్‌వే పోసి నాలుగు నెలలైంది. పక్క లాట్‌లో ఇంకా గడ్డి వేయలేదు. వాన పడ్డప్పుడల్లా ఎర్రమట్టి చిమ్మి గోడ మీద అడుగున్నర ఎత్తు దాకా మరక కడుతోంది. డ్రైవ్‌వే మీద టైర్ల జాడలు కూడా. ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చి కొడితే మట్టి పోయింది గానీ నారింజ ఛాయ అలాగే ఉండిపోయింది. బ్లీచ్ పోయమని ఒకరు, మ్యురియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) వాడమని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైనది?

జవాబు 1:
రెండూ వద్దండీ.

మీ అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రపు ఎర్రమట్టికి ఆ రంగు ఇనుము ఆక్సైడ్ వల్ల వస్తుంది. అంటే మీ గోడ మీద ఉన్నవి రెండు: పైన అంటుకున్న మట్టి, ఇటుక రంధ్రాల్లోకి ఇంకిన ఇనుము. నీటి ధార మొదటిదాన్నే తీస్తుంది. బ్లీచ్ నాచునూ బూజునూ చంపుతుంది, ఇనుము మరకను మాత్రం కదిలించలేదు. మ్యురియాటిక్ మరకను కొంత కరిగిస్తుంది, కానీ దాంతోపాటు ఇటుకల మధ్య సిమెంటునూ తినేస్తుంది. పైగా కరిగిన ఇనుము లేత ఇటుకలోకి ఇంకి పసుపు మచ్చగా తేలుతుంది. అది వచ్చాక తీయడం ఇప్పటి పనికంటే కష్టం.

మీకు కావలసింది ఆక్జాలిక్ యాసిడ్. ఇనుమును పట్టుకుని నీటిలో కరిగే రూపంలోకి మార్చేస్తుంది, కడిగితే పోతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో పెయింట్ల వరసలో ‘వుడ్ బ్లీచ్’ పేరుతో పొడి డబ్బా దొరుకుతుంది. పేరులో బ్లీచ్ ఉన్నా బట్టల బ్లీచ్‌కీ దీనికీ సంబంధం లేదు. డబ్బా వెనక ఆక్జాలిక్ యాసిడ్ అని ఉందో లేదో చూసి కొనండి. అరచేయంత మచ్చలు నాలుగైదే ఉంటే బార్ కీపర్స్ ఫ్రెండ్ అనే క్లీనింగ్ పొడి చాలు, అందులోనూ ఉండేది ఇదే యాసిడ్.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఎంత కలపాలి, ఏ వరసలో చేయాలి?

జవాబు 1:
ముందు పొడి పని. మట్టి బాగా ఎండాక ప్లాస్టిక్ గరిటెతో గీకి, గట్టి నైలాన్ బ్రష్‌తో దులపండి. తీగ బ్రష్ ముట్టుకోవద్దు. దాని ఉక్కు ముక్కలు ఇటుకలో ఇరుక్కుని తర్వాత తుప్పు పట్టి కొత్త మరకలు పెడతాయి. తడి మట్టిని రుద్దడమంటే దాన్ని ఇటుకలోకి ఇంకా లోపలికి తోయడమే. దులిపాక గార్డెన్ హోస్‌తో కడిగి, గిన్నెల సబ్బు నీళ్లతో రుద్ది, ఆరనివ్వండి. అప్పుడు మిగిలిందే అసలు మరక.

గ్యాలన్ వేడి నీళ్లకు, అంటే సుమారు 3.8 లీటర్లకు, ఇటుక కోసం 4 ఔన్సులు, దాదాపు 115 గ్రాములు. డ్రైవ్‌వేకి 8 ఔన్సుల దాకా వెళ్లొచ్చు. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, పొడిని నెమ్మదిగా కలపండి. నైట్రైల్ గ్లవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు, మాస్క్ తప్పనిసరి. ఆ పొడి విషం. పిల్లల్నీ కుక్కనూ ఆరోజు లోపలే ఉంచండి.

ఇక గోడ. పొద్దున్నే, ఎండ తగలకముందు మొదలుపెట్టాలి. ఎక్కడా కనిపించని మూల రెండు ఇటుకల మీద వేసి ఒక రోజు ఆగి చూడండి, రంగు మారకపోతేనే ముందుకు వెళ్లండి. రసాయనం వేసే ముందు గోడను బాగా తడపాలి. ఎండిన ఇటుక స్పాంజిలా యాసిడ్‌ను లోపలికి పీల్చేస్తుంది, అది మళ్లీ బయటికి రాదు. పైనుంచి కారిన యాసిడ్ ఎండిన ఇటుక మీద పడితే చారలు కూడా పడతాయి, కాబట్టి కింది భాగాన్ని పని అయ్యేదాకా తడిగానే ఉంచండి. నాలుగైదు అడుగుల ముక్కలుగా తీసుకుని, చేతి పంపు స్ప్రేయర్‌తో వేసి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. మధ్యలో నైలాన్ బ్రష్‌తో రుద్దుతూ ఉండండి. ఆరనివ్వకూడదు. తర్వాత పుష్కలంగా కడగండి. గ్యాలన్ నీళ్లలో ఒక కప్పు బేకింగ్ సోడా కలిపి పోసి, చివరగా మళ్లీ మంచి నీళ్లు. మరక పాతదైతే రెండోసారి అవసరం పడుతుంది. అప్పుడు గాఢత పెంచకండి, అదే మోతాదుతో ఇంకోసారి వేయండి.

జవాబు 2:
డ్రైవ్‌వే విషయంలో ఒక మాట. కాంక్రీట్‌లో సున్నం ఉంటుంది. ఆక్జాలిక్ దానితో కలిస్తే కాల్షియం ఆక్జలేట్ అనే తెల్లటి పొర తయారవుతుంది, అది నీళ్లలో కరగదు. మీద ఆరిపోయేలా వదిలేసేవాళ్లకు వచ్చే తెల్లని మసక అదే. అందుకే కాంక్రీట్‌ను కూడా ముందు తడిపి, 10 నిమిషాల్లోపు తేల్చేయండి. గ్యాలన్‌కు సుమారు వంద చదరపు అడుగులు అనుకోవచ్చు. కాంక్రీట్ ఎంత పీలుస్తుందో దాన్ని బట్టి హెచ్చుతగ్గులు ఉంటాయి. కాంక్రీట్ పోసి 28 రోజులు దాటకముందు యాసిడ్ మాట ఎత్తకూడదు, మీది నాలుగు నెలలు కాబట్టి ఫరవాలేదు.

ముందుగా డ్రైవ్‌వే మీద నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే ఇప్పటికే సీలర్ (నీళ్లు ఇంకకుండా వేసే పూత) ఉంది. అప్పుడు మరక సీలర్ పొరలో ఉందా, కింద ఉందా అనేది వేరే లెక్క, చిన్న చోట పరీక్షించాకే ముందుకు వెళ్లాలి.

ప్రెషర్ వాషర్ వాడితే డ్రైవ్‌వేకి ఆకుపచ్చ 25 డిగ్రీల నాజిల్, కనీసం అడుగు దూరం. ఎర్ర నాజిల్, అంటే సున్నా డిగ్రీలది, కాంక్రీట్ మీద గీతలు పెడుతుంది, ఆ గీతలు పోవు. సర్ఫేస్ క్లీనర్ అనే గుండ్రటి మూత కూడా అద్దెకు దొరుకుతుంది, దాంతో చారలు లేకుండా వస్తుంది. ఇటుక గోడకు మాత్రం గార్డెన్ హోస్ చాలు. అది ఒక వరస ఇటుక మాత్రమే, దాని వెనక ఖాళీ ఉంటుంది. కింది వరసలో కనిపించే చిన్న కన్నాలు లోపలికి చేరిన నీళ్లు బయటికి రావడానికి. అందులోకి ఒత్తిడితో నీళ్లు కొడితే గోడ లోపలికే పోతాయి.

అడిగినవారు:
ఒక డౌట్. గ్యారేజ్ డోర్ పక్కనే ఉంది, పూల మొక్కలు కూడా. ఏమైనా అవుతుందా?

జవాబు 2:
డోర్, లైట్లు, పెయింట్ వేసిన చెక్క, కిటికీ కింద సున్నపురాయి పట్టీ ఉంటే అదీ ప్లాస్టిక్ షీట్‌తో కప్పండి. సున్నపురాయి మీద యాసిడ్ పడితే మెరుపు పోతుంది. మొక్కల వేళ్లు ముందూ తర్వాతా బాగా తడపండి. కడిగిన నీళ్లు వీధిలోని స్టార్మ్ డ్రెయిన్‌లోకి పోనివ్వకండి. అది వాన నీళ్లను శుద్ధి చేయకుండా వాగులోకి తీసుకెళ్తుంది. బేకింగ్ సోడా కలిపాక గడ్డి వైపు మళ్లించండి. ఇంకో ముఖ్యమైన విషయం: ఇంతకుముందు బ్లీచ్ పోసి ఉంటే బాగా కడిగి, ఒకటి రెండు రోజులు ఆగండి. బ్లీచ్‌కు ఏ యాసిడ్ తగిలినా క్లోరిన్ వాయువు వస్తుంది.

జవాబు 3:
అన్ని నారింజ మచ్చలూ మట్టివి కావు, ఇదీ చూసుకోండి. గుండ్రంగా, విసనకర్రలా పరుచుకున్నవైతే స్ప్రింక్లర్ నీళ్లలోని ఇనుము. చిన్న చిన్న చుక్కలైతే లాన్ ఎరువులోని ఇనుము గుళికలు తడిసినవి. మందు అదే ఆక్జాలిక్, కానీ స్ప్రింక్లర్ తల తిప్పకపోతే నెలలో మళ్లీ వస్తాయి.

మీ విషయంలోనూ అంతే. నేల బోసిగా ఉన్నంతకాలం చినుకు మట్టిని పైకి ఎగరేస్తూనే ఉంటుంది. గోడ పక్కన అడుగున్నర వెడల్పు గులకరాళ్లు పోస్తే చిమ్మడం చాలా తగ్గుతుంది. పైన్ స్ట్రా (ఎండిన పైన్ ఆకులు) కూడా పని చేస్తుంది గానీ కిందనున్న కన్నాలను కప్పేలా వేయకండి, చెదలకూ దారి అవుతుంది. డౌన్‌స్పౌట్‌కు (కప్పు మీది వాన నీళ్లు దింపే గొట్టానికి) పైపు తగిలించి నీళ్లు గోడకు దూరంగా వదలండి. నేల ఇంటినుంచి 10 అడుగుల్లో 6 అంగుళాలు వాలు ఉండాలి. పక్క లాట్ నుంచి మట్టి వస్తుంటే బిల్డర్‌ను సిల్ట్ ఫెన్స్ (మట్టి కొట్టుకురాకుండా కట్టే గుడ్డ కంచె) సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. శుభ్రమై పూర్తిగా ఆరాక సైలేన్-సైలాక్సేన్ రకం సీలర్ వేసుకోవచ్చు. ఇప్పుడే వేస్తే మరకనే లోపల బంధించినట్టు.

అడిగినవారు:
హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంట్లో పార్కింగ్ దగ్గర షాబాదు బండల మీద కూడా ఎర్రమట్టి మరకలే. ఇదే వాడొచ్చా?

జవాబు 3:
షాబాదు బండ సున్నపురాయే అండీ. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే నురగ వస్తుంది, ఆ నురగే బండ కరగడం. ఆక్జాలిక్ కూడా పాలిష్ పనివాళ్ల చేతిలోనే సరి, వాళ్లు దాన్ని కొలిచి మెషీన్‌తో వాడతారు. ఇంట్లో అయితే సబ్బు నీళ్లు, నైలాన్ బ్రష్‌తోనే రెండు మూడు సార్లు రుద్దించండి. బండ గరుకుగా ఉంటే మరక పూర్తిగా పోదు, లేతపడుతుంది.