ర్యాప్ పాటలో మాట కోర్టులో సాక్ష్యమేనా?

గోదారిగాలి: అమెరికా ర్యాపర్ యంగ్ థగ్‌ని గ్యాంగ్ నడుపుతున్నాడని 2022 మేలో అట్లాంటాలో పట్టుకున్నారు కదా. ఆ కేసులో పాటల్లోంచి 17 చోట్ల చరణాల్ని జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు జనం) ముందు పెట్టొచ్చని 2023 నవంబరులో జడ్జి అన్నాడు. నాకైతే తప్పేం కనపడలేదు. అన్నవాడే అనుభవించాలి.

ఆల్ఫరెట్టా రాజు: గోదారి గారూ, అసలు సంగతి మింగేశారు. నేరానికీ పాటకీ లంకె చూపిస్తేనే అన్నాడు జడ్జి. ఆ విచారణ లైవ్‌లో చూసినవాణ్ణి. వైఎస్ఎల్ అంటే థగ్ లేబుల్ (పాటల కంపెనీ) వాళ్లకి యంగ్ స్టోనర్ లైఫ్, ప్రాసిక్యూషన్‌కి యంగ్ స్లైమ్ లైఫ్ అనే గ్యాంగు. స్లైమ్ అనేది అక్కడి కుర్రాళ్లు మనం ‘మావా’ అన్నట్టు వాడే పిలుపు. దాన్ని పట్టుకుని గ్యాంగ్ మెంబరంటే ఎలా?

ఓరుగల్లు పోరడు: డిఫెన్స్ లాయర్ తక్కువ తిన్నడా అన్నా? థగ్ అంటే ‘ట్రూలీ హంబుల్ అండర్ గాడ్’ అట! ‘పుషిన్ పీ’ పాటల పీ అంటే పాజిటివిటీ అట! నవ్వకుంట ఎట్ల చెప్పిండో.

గోదారిగాలి: నేననేదీ అదే. ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటున్నారు. మరి ఇంకో ర్యాపర్ డిడ్డీ కేసులో, డబ్బిచ్చి రప్పించిన మగాళ్లతో నడిపిన సెక్స్ పార్టీలకి వాడిన మాట, ‘ఫ్రీక్ ఆఫ్’, నేరారోపణ పత్రంలోనే ఉంది. దాన్ని కళ అని ఎవరూ వెనకేసుకు రాలేదే?

ఆల్ఫరెట్టా రాజు: అది పాటలోది కాదండీ. మెసేజుల్లో వాళ్లలో వాళ్లు వాడుకున్న మాట. ఎప్పుడు, ఎవరితో, ఏ హోటల్లో అన్నది వాటితో తేలింది. పైగా మాజీ ప్రియురాలు క్యాసీ బోనెక్కి నాలుగు రోజులు చెప్పింది. యూట్యూబ్‌లో ఊదరగొట్టే, డిడ్డీ న్యూయార్క్ దగ్గరి హ్యాంప్టన్స్‌లో ఇచ్చిన వైట్ పార్టీల (అందరూ తెల్లబట్టల్లో వచ్చేవి) మీద నడిచిన కేసు కాదది. అంతా చేసి 2025 జులైలో రాకెటీరింగ్ (ముఠా కట్టి నేరాలు నడపడం), లైంగిక అక్రమ రవాణా ఆరోపణల్లో జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. వ్యభిచారం కోసం మనుషుల్ని తరలించిన రెండు అభియోగాలే నిలిచాయి. అక్టోబరులో 50 నెలల శిక్ష.

పాటల సంగతికొస్తే, న్యూజెర్సీలో ఒక హత్యాయత్నం కేసులో నిందితుడు రాసుకున్న 13 పేజీల ర్యాప్ జ్యూరీకి చదివి వినిపించారు. వాటిలో చాలావరకు ఘటనకి ఎంతో ముందు రాసినవి! నేరంతో గట్టి లంకె లేనిదే కుదరదని 2014లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

ఓరుగల్లు పోరడు: షికాగోల డ్రిల్ అనే ర్యాప్ పాటలల్ల చచ్చిపోయినోని పేరు పెట్టి ఎక్కిరిస్తరు. గదిగూడ కల్పననేనా?

ఆల్ఫరెట్టా రాజు: పేరూ చోటూ కలిస్తే జడ్జి చూడాల్సిందే తమ్ముడూ. కాలిఫోర్నియా 2022 చట్టం కూడా పాటల్ని పూర్తిగా ఆపలేదు. ముందు జ్యూరీ లేకుండా జడ్జి తూకం వేసుకోవాలంది, అంతే.

తెనాలి లక్ష్మి: మీరంతా ఒకటి వదిలేశారు. జ్యూరీకి ఈ యాస విప్పిచెప్పేది ఎవరు? గ్యాంగ్ నిపుణుడి పేరుతో బోనెక్కేది చాలా కేసుల్లో పోలీసాయనే. ర్యాప్ మీద పరిశోధన చేసిన ప్రొఫెసర్ని స్టార్ తెచ్చుకోగలడు, సర్కారు ఇచ్చే ఉచిత లాయరే దిక్కైన కుర్రాడి తరఫున ఎవరొస్తారు?

గోదారిగాలి: లక్ష్మి గారూ, ఈ ఒక్కదాంట్లో మీతో ఉన్నా. డ్రిల్ విషయంలో మాత్రం పోరడి మాటే నా మాట.