జలాపుట్ జలాశయంలో ఇంటర్న్‌షిప్: అడుగు మట్టి కోర్ ఎక్కడ తీయాలి, ఏం పట్టుకెళ్ళాలి?

ప్రశ్న (జయపురం, పీజీ విద్యార్థిని):
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ జియాలజీ మొదటి ఏడాది అయింది, వేసవిలో ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని జలాపుట్ జలాశయం మీద ఇంటర్న్‌షిప్ వచ్చింది. అడుగున ఎంత పూడిక పేరుకుందో, అది ఏ కొండల నుంచి వస్తోందో చూడాలట. కోర్ (పైపుని అడుగులోకి దించి, పొరలు చెదరకుండా పైకి తీసే మట్టి కడ్డీ) తీసే పైపు గైడ్ గారే ఇస్తారు, మిగతాది ఏమడిగినా "వెళ్ళాక తెలుస్తుందిలే" అంటున్నారు. నాకు ఈత రాదు, పడవ అన్న మాట వింటేనే నాన్నకి టెన్షన్. ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా చెప్పరూ.

జవాబు (కోరాపుట్, సీనియర్):
చెల్లెమ్మా, పరికరం సంగతి తర్వాత, ముందు చోటు. పడవాయన ఎక్కడ ఆపితే అక్కడ పైపు దించేసి వచ్చేవాళ్ళే ఎక్కువ. జలాపుట్ తనంత తాను ఏర్పడిన సరస్సు కాదు కదా, మాచ్‌ఖండ్ నదికి అడ్డంగా డ్యామ్ కడితే నిలిచిన నీళ్ళు. ఆ ప్రాజెక్టులో మొదటి కరెంటు యూనిట్ 1955లో మొదలైంది, కాబట్టి నీకు దొరికే జలాశయపు బురద వయసు డెబ్బై ఏళ్ళు, పైన ఇంకో కొంచెం, అంతే. దాని కింద ఉన్నది మునిగిపోయిన పాత పొలం, పాత అడవి నేల. పైపు అక్కడిదాకా దిగితే కోర్ అడుగున మెత్తటి బురద ఆగిపోయి గట్టిగా, గరుకుగా, వేళ్ళ ముక్కలతో ఉన్న మట్టి కనబడుతుంది. ఆ గీత దొరికిందా, ఏ ల్యాబూ అక్కర్లేకుండానే నీకు ఒక తేదీ దొరికినట్టే.

మే నెలకి నీళ్ళు దిగిపోయి ఒడ్డున బురద బీటలు వారి ఉంటుంది, నడిచి వెళ్ళి తీసేయొచ్చు కదా అనిపిస్తుంది, తీయకు. ఏటా ఎండి తడిసే నేల, పైగా పశువులు తొక్కుతాయి, పొరలేవీ మిగలవు. వాగులు కలిసే మూలల్లో ఇసుక, పైపు దిగదు. పాత నది గాడిలో బురద మరీ మందం, పొట్టి పైపుతో అడుగు అందకపోవచ్చు. గాడికి కాస్త పక్కన, ఏ వేసవిలోనూ బయటపడని చోటు చూసుకో. డ్యామ్ కట్టకముందు సర్వే చేసిన టోపోషీట్ (కొండలు, వాగులు చూపించే సర్వే మ్యాపు) 65 జె పాత ఎడిషన్ దొరికితే గాడి ఎటు పోయేదో అందులోనే ఉంటుంది. జీపీఎస్‌లో యూటీఎం (చోటుని మీటర్లలో చూపించే పద్ధతి) జోన్ 44 పెట్టుకో.

జవాబు (రాయగడ, మాస్టారు):
అమ్మా, లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కనని గైడ్ గారికి ముందే చెప్పెయ్, మొహమాటం వద్దు. తెల్లారగట్ల మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఒడ్డుకి వచ్చేయండి. ఈ రోజుల్లో సాయంత్రం ఈదురుగాలి, పిడుగులు చెప్పి రావు. దోమతెర తప్పనిసరి, మన కొండల్లో మలేరియా సంగతి మీకు నేను చెప్పాలా. ప్రాజెక్టు ఆఫీసు అనుమతి కాగితం కాపీ చేతిలో ఉంచుకోండి.

మళ్ళీ ప్రశ్న:
థాంక్యూ అన్నా, థాంక్యూ సార్. కోర్‌ని పైపుతో పాటే జయపురం తెచ్చి కాలేజీలో కోస్తే సరిపోతుందా?

జవాబు (కోరాపుట్, సీనియర్):
మన ఘాట్ రోడ్డు మీద జీపులో తెస్తే పైన ఉన్న బురద మజ్జిగ చిలికినట్టు అయిపోతుంది. నీళ్ళలోంచి తీసిన క్షణం నుంచి పైపుని నిలువుగానే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. పైనున్న నీటిని సన్నటి గొట్టంతో మెల్లగా లాగేసి, ఒడ్డునే కింద నుంచి పైకి నెడుతూ సెంటీమీటరుకి ఒక ముక్క కోసి, ఒక్కోటి ఒక్కో జిప్ కవర్లో వెయ్యి. కాగితం మీద పెన్సిల్‌తో రాసి, దాన్ని చిన్న కవర్లో పెట్టి లోపల వెయ్యి, కవర్ మీద మార్కర్ రాత తడికి పోతుంది. ఎండబెట్టకముందే తూకం వెయ్యడం మర్చిపోకు. తడి బరువు లేకపోతే తర్వాత సీసం-210 (కాలం గడిచేకొద్దీ తగ్గిపోయే రేడియోధార్మిక సీసం, ఎంత మిగిలిందో చూసి పొర వయసు కడతారు) తేదీల లెక్క దగ్గర ఇరుక్కుంటావు. దాని అర్ధాయువు, అంటే సగం తగ్గడానికి పట్టే కాలం, సుమారు 22 ఏళ్ళు, మన డెబ్బై ఏళ్ళ బురదకి సరిగ్గా పనికొస్తుంది. అణుపరీక్షల నుంచి గాలిలో కలిసిన రేడియోధార్మిక సీసియం 1963 ప్రాంతంలో ఎక్కువగా పడింది, అది కూడా వెతుకుతారు, కాకపోతే మన అక్షాంశాల్లో పడిందే తక్కువ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకొకటి, పూడిక అనగానే "పోడు వల్లే" అని రిపోర్టులో ముందే రాసేస్తారు చాలామంది, నాకు అది నచ్చదు. రోడ్ల కోసం తవ్విన గట్లు, దున్నిన మెట్ట చేలు, డ్యామ్ ఒడ్డులే కూలడం, అన్నీ ఉన్నాయి. కలిసే ప్రతి వాగులోంచీ గుప్పెడు ఇసుక తెచ్చుకో. ఖోండలైట్ రాతి కొండల నుంచి వచ్చేదాంట్లో ఎర్రటి గార్నెట్ గింజలు, సిల్లిమనైట్ అనే ఖనిజం సూదులు కనబడతాయి, చార్నొకైట్ రాయి ఉన్న వైపు నుంచి వచ్చేదాంట్లో పైరాక్సీన్ ఖనిజం వెతుకు. కోర్‌లోని ఇసుక గింజలతో అవి పోల్చి చూశాకే ఎవరి మట్టి ఎంతో రాయి.

మళ్ళీ ప్రశ్న:
వాగుల ఇసుక సంగతి గైడ్ గారు అసలు చెప్పనే లేదు అన్నా. రేపే అడుగుతాను.

జవాబు (కోరాపుట్, సీనియర్):
అడుగు. జల్లెడ కూడా ఇప్పించమను, లేదంటే స్టీలు సామాన్ల షాపులో పిండి జల్లెడ కొనుక్కో, గింజలు ఏరుకోవడానికి అది చాలు.