సుమోలో దెబ్బ తగిలితే ర్యాంకు పోవాల్సిందేనా? అప్పటి సుమో, ఇప్పటి సుమో చూసినవాళ్లు చెప్పండి

లండన్ రామం:
అందరికీ నమస్కారం. ఎనభైల చివర్లో ఇక్కడ ఛానల్ 4లో సుమో వేసేవాళ్లు. అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. 1991లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పోటీలు పెడితే వెళ్లాను, హొకుతోఉమి గెలిచాడు. 2025 అక్టోబర్లో మళ్లీ అదే హాలుకి వచ్చారు, ఈసారి హోషోర్యూ గెలిచాడు. రెండూ చూశానని తెలిసినవాళ్లంతా అప్పటి సుమో గొప్పా ఇప్పటిదా అని అడుగుతున్నారు.

పట్టులో, తెగువలో ఇప్పటివాళ్లు ఏమాత్రం తీసిపోరు. నా బాధల్లా దెబ్బల గురించే. ఎనభైల మేటి చియొనొఫుజిది 120 కిలోల పైచిలుకు ఒళ్లు. భుజం కీలు మాటిమాటికీ జారిపోతుంటే, చుట్టూ కండ పెంచడానికి రోజూ వందల కొద్దీ దండీలు తీశాడు. పోటీ మొదలవగానే ఎడమ చేత్తో అవతలివాడి మవాషి (నడుం పట్టీ) ముందు భాగం దొరకబుచ్చుకుని, తల ఛాతీకి ఆనించి, ఊపిరి తీసుకోనివ్వకుండా అంచుదాకా నెట్టుకుపోయేవాడు. 31 టైటిళ్లు, 1,045 గెలుపులు అలా వచ్చినవే. ఇప్పుడు పై డివిజన్ సగటు బరువే 160 కిలోల దగ్గరుంది. దొహ్యో, అంటే ఎత్తయిన మట్టి బరి మాత్రం అదే 4.55 మీటర్ల వలయం. ఇద్దరూ కలిసి అంచు మీంచి రెండడుగుల కిందికి పడితే మోకాళ్లు ఏమవుతాయో వేరే చెప్పాలా?

1972 నుంచి ఒక నియమం ఉండేది. పోటీలో తగిలిన దెబ్బే అని తేలితే తర్వాతి బాషో (పదిహేను రోజుల టోర్నమెంటు) మానేసినా ర్యాంకు దిగేది కాదు. సాకుగా వాడుకుంటున్నారని 2004 జనవరి నుంచి తీసేశారు. ఇప్పుడు రాకపోతే ఓడినట్టే లెక్క. ఆ నియమం తిరిగి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మీరేమంటారు?

నిషికసాయి నాని:
రామం గారూ, నేను టోక్యోలో ఐటీ ఉద్యోగిని. ఆఫీసులో ఒక జపాన్ పెద్దాయన మొదటిసారి సుమో హాలున్న ర్యోగొకు తీసుకెళ్లారు. పైన చివరి వరసలో కూర్చున్నా, ఇద్దరు రికిషిల (సుమో వస్తాదుల) తలలు ఢీకొన్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. టీవీలో ఆ చప్పుడు సగం కూడా రాదు.

ర్యాంకు అంటే ఒట్టి పరువు కాదని కూడా చెప్పాలి. ఆరు డివిజన్లలో పై రెండింటికే జీతం. అన్నిటికంటే పైదైన మకుఉచిలో 42 మంది, దాని కింది జూర్యోలో 28 మంది, మొత్తం 70 మంది. జూర్యో నుంచి జారిన రోజున జీతం పోతుంది, సొంత గది పోతుంది, పనులు చేసిపెట్టే కుర్రాళ్లు పోతారు. అప్పటిదాకా తనకి వడ్డించినవాళ్లతో కలిసి తనూ వడ్డించాలి. అందుకే మోకాలికి పట్టీలు చుట్టుకుని మరీ బరిలోకి దిగుతారు. ఎన్హోని చూడండి, వంద కిలోలు కూడా ఉండడు. 2023 మేలో మెడకి దెబ్బ తగిలి, 2024 జులైలో తిరిగొచ్చేసరికి అట్టడుగు జొనొకుచికి చేరాడు.

డల్లాస్ సూరి:
రామం గారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. నియమం కఠినంగా ఉంది కాబట్టే తెరునొఫుజి లాంటి కథ పుట్టింది. ఒజెకిగా, అంటే పై నుంచి రెండో ర్యాంకులో ఉన్నవాడు రెండు మోకాళ్లూ పాడై, షుగర్ వచ్చి, 2019 మార్చికి కింది నుంచి రెండో డివిజన్‌కి పడిపోయాడు. మానేస్తానంటే గురువు ఒప్పుకోలేదు. 2020 జులైలో మకుఉచి అట్టడుగు ర్యాంకులో అడుగుపెట్టి ఏకంగా టైటిల్ కొట్టాడు. మరుసటి ఏడాది యొకొజునా, అన్నిటికంటే పై ర్యాంకు! మొత్తం పది టైటిళ్లు. ఆ నియమం ఉండి ఉంటే ఇంత పోరాటం చూసేవాళ్లమా? అభిమానులుగా మనల్ని కట్టిపడేసేది ఆ పట్టుదలే కదండీ.

ఒసాకా కోడలు:
సూరి గారూ, ఆ పట్టుదలకి ఎంత మూల్యమో కూడా చూడాలి. 2017 మార్చి చివరి రోజు మావారూ నేనూ ఒసాకాలో హాల్లోనే ఉన్నాం. కిసెనొసాతొ అంతకుముందే యొకొజునా అయ్యాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత జపాన్‌లో పుట్టినవాడికి ఆ పదవి, జనం వెర్రెత్తిపోయి ఉన్నారు. పదమూడో రోజు హరుమఫుజితో పోటీలో ఎడమవైపు ఛాతీ, భుజం దెబ్బతిన్నాయి. చివరి రోజు తెరునొఫుజిని అదే ఒంటితో రెండుసార్లు ఓడించాడు. జాతీయగీతం వస్తుంటే అతను ఏడ్చాడు, మా చుట్టూ ఉన్న ముసలాళ్లంతా ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత? వరసగా ఎనిమిది బాషోలు కొన్ని పూర్తిగా, కొన్ని సగంలో వదిలేశాడు. 2019 జనవరిలో రిటైర్మెంట్. ఆ ఎడమ చెయ్యే అతని బలం. అది మళ్లీ మునుపటిలా లేవలేదు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నా, అలాంటి గెలుపు ఇంకోటి చూడాలని నాకు లేదు.

లండన్ రామం:
అమ్మా, 2001 మేలో తకనొహనది కూడా అదే వరస. పద్నాలుగో రోజు మోకాలు పోయింది, చివరి రోజు ముసషిమారు చేతిలో ఓడి, ప్లేఆఫ్‌లో అతన్నే పడేశాడు. ప్రధాని కొయిజుమి దొహ్యో ఎక్కి మెచ్చుకున్నారు. ఆ వెంటనే ఏడు బాషోలు దూరం, 2003 జనవరిలో వీడ్కోలు.

సూరి గారూ, తకనొహన, కిసెనొసాతొ యొకొజునాలు, వాళ్లకి ర్యాంకు దిగడమనేది లేదు, నిజమే. కానీ పైవాళ్లు నొప్పి దాచుకుని ఆడితే అది చూసి కింది కుర్రాళ్లూ అదే నేర్చుకుంటారు. 2021 మార్చిలో హిబికిర్యూ తల నేలకి కొట్టుకుని చాలాసేపు బోర్లా అలాగే ఉండిపోయాడు. నెల తర్వాత ఆసుపత్రిలో పోయాడు, 28 ఏళ్లు. అతని ర్యాంకు సాందన్మె, జీతం లేని డివిజన్. వైద్యం విషయంలో సుమో సంఘాన్ని నిలదీయకుండా పాత రోజుల గొప్పలు చెప్పుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు.

డల్లాస్ సూరి:
హిబికిర్యూ సంగతి విన్నప్పుడు నాకూ మనసు చేదైంది. కనీసం ఒక్క బాషో మినహాయింపు, అదీ సంఘం నియమించిన డాక్టర్ సర్టిఫికెట్ ఉంటేనే అంటే నేనూ ఒప్పుకుంటాను. అంతకుమించి ఇస్తే మళ్లీ సాకులు మొదలవుతాయి.

హైదరాబాదీ చిన్ని:
నేను కొత్త అభిమానిని, ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో హైలైట్స్ చూస్తా. నాకు అవోనిషికి అంటే ప్రాణం. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక 2022లో జపాన్ వచ్చి, 2025 నవంబర్లో టైటిల్ కొట్టి ఒజెకి అయ్యాడు. తల దించి, నడుం లేవకుండా ఎంత ఓపిగ్గా ఆడతాడో! ఇక్కడ చదివాక అతని మోకాళ్ల గురించి టెన్షన్ పట్టుకుంది. మే నెలలో టోక్యో వస్తున్నా. టికెట్లు ఎలా, ఎన్నింటికి వెళ్లాలి?

నిషికసాయి నాని:
చిన్ని గారూ, టోక్యోలో జనవరి, మే, సెప్టెంబర్ బాషోలు ర్యోగొకు కొకుగికాన్‌లోనే, పదిహేను రోజులు. టికెట్లు నెల ముందు సంఘం సైట్లో పెడతారు, వెంటనే అయిపోతాయి, కాచుకుని ఉండండి. కింద చతురస్రపు గళ్లలో నేల మీద కూర్చోవాలి, నలుగురికి ఇరుకు. పైన కుర్చీలే సుఖం.

మీ అవోనిషికి ఆడేది సాయంత్రం ఆరుకి కాస్త ముందు. కానీ పొద్దున్నే వెళ్లండి, పోటీలు ఎనిమిదిన్నర ప్రాంతంలోనే మొదలవుతాయి. హాలు దాదాపు ఖాళీగా ఉంటుంది. దెబ్బ తగిలి కిందికి దిగిన పాతవాళ్లు పదహారేళ్ల కుర్రాళ్లతో తలపడేది అప్పుడే. పేరు పెట్టి గట్టిగా పిలవండి, ఆ ఖాళీ హాల్లో వాళ్లకి వినిపిస్తుంది. మధ్యాహ్నం కోడిమాంసం యకితొరి పెట్టె కొనుక్కోండి, అక్కడే నేలమాళిగలో కాలుస్తారు. మీది ఏ వారం?