గడువు దాటిన సైటు అగ్రిమెంటు: అడ్వాన్సు పోతుందా?

గుంటూరులో సైటు. ధర 40 లక్షలు, అడ్వాన్సు 4 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 90 రోజులు. అంతకుముందే లింకు డాక్యుమెంట్లు (సైటు పాత యాజమాన్య పత్రాలు) అమ్మేవాళ్లు ఇవ్వాలని అగ్రిమెంటులో ఉంది; ఇవ్వలేదు. గడువు దాటాక అడ్వాన్సు తిరిగివ్వం అంటున్నారు.

1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 54 ప్రకారం, ముందు తన వంతు పని చేయనివాళ్లు ఎదుటివాళ్లను నిలదీయలేరు కదా. స్థిరాస్తి అమ్మకాల్లో గడువే కీలకమని కోర్టులు మామూలుగా అనుకోవు కూడా. అసలు చిక్కల్లా, కొనేవాళ్లు డబ్బుతో సిద్ధంగా ఉన్నట్టు రుజువు చేయడం. గడువు నాటికి బ్యాంకులో 22 లక్షలు, మిగతా 14 లక్షలకు లోను శాంక్షన్ లెటరు ఉన్నాయి. ఇవి సరిపోతాయా? లాయరు నోటీసులో 15 రోజులిస్తే చాలా? రిజిస్ట్రేషన్ కోసం వేసే దావాలోనే, అది కుదరకపోతే అడ్వాన్సు వాపసివ్వాలని కూడా అడగాలా? సివిల్ కేసులు చూసే విజయవాడ, గుంటూరు లాయర్లు దయచేసి చెప్పండి. గడువు తేదీ నుంచి 3 ఏళ్ల లిమిటేషన్‌లో (దావా వేయడానికి చట్టం ఇచ్చే సమయంలో) ఇక 5 నెలలే ఉంది.